అద్దంలో అన్న

ఆ సెలూన్‌కి బోర్డయితే ఉందిగానీ, దాని మీద రాసిన పేరు ఒక్కరికీ గుర్తులేదు. అందరూ 'అటూఇటూ షాపు' అనే అంటారు. రెండు పెద్ద షాపుల మధ్య మిగిలిపోయిన సందుకి ఎవరో తలుపు బిగించినట్టు ఉంటుంది. ఒక కుర్చీ వేసుకుంటే దర్జాగా ఉంటుంది, రెండు వేస్తే పనివాడు నిలబడేందుకు చోటుండదు. అయినా అక్కడ రెండు కుర్చీలున్నాయి. ఇద్దరు మనుషులు ఏళ్ల తరబడి అందులోనే, ఒకరి మోచెయ్యి ఒకరికి తగలకుండా పనిచేశారు. అన్నది కుడిచేతి వాటం, తమ్ముడిది ఎడమచేతి వాటం కావడంవల్లే అది కుదిరింది.

కుడిచేత్తో గడ్డం గీసేవాడు కూర్చున్న మనిషికి కుడిపక్కన నిలబడతాడు. ఎడమచేత్తో గీసేవాడికి ఎడమపక్క కావాలి. అందుకని కుర్చీలు రెండూ నడిమధ్యన భుజాలు రాసుకునేలా బిగించేసి, అన్న కుడిగోడ వారన, తమ్ముడు ఎడమగోడ వారన నిలబడేవారు. కుర్చీల్లో కూర్చున్న ఇద్దరూ ఒకే బెంచీ మీద పిల్లల్లా పక్కపక్కనే ఉండి, మెడ తిప్పకుండా లోకంలో ఉన్న కబుర్లన్నీ చెప్పుకునేవారు. వచ్చేవాళ్లు అన్నని 'కుడన్న' అనీ తమ్ముణ్ణి 'ఎడమన్న' అనీ పిలిచేవారు. వాళ్ల అసలు పేర్లతో ఎవరికీ పని పడలేదు.

ఎడమన్నకి ఆ పిలుపు ఇష్టం. చిన్నప్పుడు ఇంట్లో ఆ చేతి పేరెత్తి అంతా తిట్టినవాళ్లే తప్ప పిలిచినవాళ్లు లేరు మరి. తండ్రి ఆ షాపులో ఒక్క కుర్చీతో బతుకు వెళ్లదీసిన మనిషి. చేతిలో కత్తి ఎంత పదునో నోరూ అంతే. "పుర్రచేత్తో తల ముట్టుకుంటే ఏ పెద్దమనిషి కూర్చుంటాడ్రా? నువ్వు ఊడ్చుకో, నీళ్లు పట్టుకో. కత్తెర జోలికి రాకు" అనేవాడు. తండ్రి మాట పోనీలే అనుకున్నా, కత్తెర కూడా ఆయన పక్షమే. కత్తెరలన్నీ కుడిచేతి వాళ్లకోసం పుట్టినవి. ఎడమచేత్తో పడితే జుట్టు తెగదు, రెండు రేకుల మధ్య మడతపడి పీక్కుపోతుంది. కూర్చున్నవాడు కెవ్వుమంటాడు. "చూశావా, ఇనపముక్కకున్న బుద్ధి కూడా నీకు లేదు" అని తండ్రి నవ్వేవాడు.

అప్పుడు వాణ్ణి చేరదీసింది అన్న. తండ్రి భోజనానికి వెళ్లిన వేళ తలుపు దగ్గరగా వేసి, సానబట్టేవాణ్ణి బతిమాలి రేకులు అటుదిటు మార్పించిన కత్తెర ఒకటి తమ్ముడి చేతిలో పెట్టాడు. "నన్ను చూసి చెయ్యి" అన్నాడు. తమ్ముడు చూశాడు. ఎంత చూసినా అన్న చెయ్యి అటు వెళ్తుంటే తనది ఇటు రావాలి, అన్న మణికట్టు లోపలికి తిరిగితే తనది ఎటు తిరగాలో తెలీదు. ఏడుపు ముంచుకొచ్చింది. అన్న కాసేపు బుర్ర గోక్కుని, వాడి గడ్డం పట్టుకుని మొహం అద్దం వైపు తిప్పాడు.

"నన్ను చూడకురా. అద్దంలో ఉన్నవాణ్ణి చూడు. వాడిది నీ వాటమే."

నిజంగానే అద్దంలో ఒక అన్న ఉన్నాడు. అచ్చం అన్నే, కాకపోతే ఎడమచేత్తో కత్తెర పట్టుకున్నాడు. మనిషికి ఎడమపక్కన నిలబడి, ఎడమచేత్తో గడ్డం గీసి, ఎడమచేత్తోనే కత్తిని తోలుపట్టీ మీద నూరాడు. ప్రపంచంలో తనలాంటివాడు ఇంకొకడున్నాడని తమ్ముడికి ఆ మధ్యాహ్నం తెలిసింది. అన్న పనిచేస్తుంటే వాడు అన్న వైపు కన్నెత్తి చూసేవాడు కాదు, అద్దం వైపే చూసేవాడు. సబ్బునురగ పూసిన బెలూన్ల మీద కత్తి ఆడించి ఆడించి, బెలూను పగలకుండా నురగంతా తీసే దాకా వచ్చాడు. తండ్రి పోయాక అన్న చేసిన మొదటి పని రెండో కుర్చీ తెచ్చి వేయడం. "వీడి చేత్తో గీయించుకోని వాడికి నా చేత్తోనూ గీయను" అని తెగేసి చెప్పాడు. వచ్చేవాళ్లు నసిగారు, గొణిగారు, తర్వాత అలవాటు పడ్డారు.

ఎడమన్న చెయ్యి తిరిగిన పనివాడయ్యాక కూడా పని మధ్యలో ఒకసారి తలెత్తి అద్దంలో కుడివైపు చూసేవాడు. అక్కడ ఆ ఎడమచేతి అన్న తన పని తాను చేసుకుంటూ కనిపించేవాడు. అది చూస్తే చాలు, చేతిలో కత్తి నిదానంగా నడిచేది.

అలాంటి ఇల్లు అది. షాపు పైనే రెండు గదుల్లో అన్నా వదినా తనూ ఉండేవారు. ఎడమన్న పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే వదిన, "వీడికి అన్న ఉన్నాడుగా, పెళ్లామెందుకు?" అని ఎగతాళి చేసేది.

ఒకనాటి పొద్దున కుడన్న కుర్చీలో లెక్కల మాస్టారు కూర్చున్నారు. బడిలో పని మానేసి చాలాకాలమైనా ఆయన ఇంకా లెక్కల మాస్టారే. తల మీద మిగిలిన వెంట్రుకలు ఎవరైనా లెక్కపెట్టేయగలరని ఆయనే నవ్వుతూ చెప్పుకుంటారు. ఒక చెంప నున్నగా అయ్యింది, రెండో చెంప మీద నురగ ఉంది. కుడన్న చేతిలోంచి కత్తి జారి నీళ్లగిన్నెలో పడింది. నవ్వుతూ వంగి తీశాడు. మళ్లీ జారింది. మూడోసారి తీయబోతే వేళ్లు ముడుచుకోలేదు. అప్పుడు తన చేతిని తనే కాసేపు చూశాడు.

"ఇదెవరి చెయ్యిరా?" అన్నాడు తమ్ముడితో. మాట ముద్దగా వచ్చింది. ఆ తర్వాత కుడిగోడ వారగా మెల్లిగా కిందికి జారిపోయాడు.

ఆస్పత్రికి లెక్కల మాస్టారు కూడా వచ్చారు. సగం గడ్డంతో, చెంప మీద ఎండిపోయిన నురగతో, మెళ్లో తెల్లగుడ్డతో ఆ వరండాలో అటూఇటూ తిరుగుతుంటే నర్సులు ఈయనే రోగి అనుకుని రెండుసార్లు మంచం మీద పడుకోబెట్టబోయారు. ఇంకోరోజైతే ఎడమన్న పడీపడీ నవ్వేవాడు.

కుడన్న బతికాడు. నోరు ఒక పక్కకి లాగినా మాట తిరిగొచ్చింది. కాలు ఈడుస్తూ నడక వచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. డాక్టరమ్మ మంచిదే, మాట నాన్చలేదు. "వేళ్లు కొద్దిగా కదలొచ్చండి. కత్తి పట్టుకునే చెయ్యి మాత్రం ఇక రాదు. ఆశ పెట్టుకోకండి" అంది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కుడన్న ఏడవలేదు. మంచం మీదనుంచి తమ్ముణ్ణి రమ్మని సైగ చేసి, "నా కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్టకు" అన్నాడు.

ఇంటికొచ్చాక మనిషి మనిషిలా లేడు. కింద కత్తెర చప్పుడు వినిపించినప్పుడల్లా మంచం మీద లేచి కూర్చునేవాడు. తమ్ముడి చప్పుడేదో తన చప్పుడేదో ఆయనకి తెలుసు, ఇప్పుడు ఒక్కటే వినపడుతోంది. "నాకు అన్నం అక్కర్లేదే. నా చోట నేను నిలబడాలి. ఇక్కడే కూర్చోబెట్టారంటే నాలుగు రోజుల్లో పోతాను" అన్నాడు వదినతో. బెదిరింపుగా అన్న మాట కాదని ఆమెకి తెలుసు. ఆయనకి ఇంకో పని రాదు, ఇంకో ఊసు లేదు. అరచేతికింద ఒక మనిషి తల ఉంటేనే ఆయన మనిషి.

ఒక సాయంత్రం తమ్ముడు పళ్లెంలో అన్నం కలిపి పెడుతుంటే, కుడన్న ఆ చేతినే తదేకంగా చూశాడు.

"నాకూ ఎడంచెయ్యి ఉంది కదరా."

"ఉందన్నా."

"నీకు చేతనైంది నాకు చేతకాదా?"

ఎడమన్న పళ్లెం కింద పెట్టేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో ఎడమచేతిని ఎవరైనా కావాలనడం అదే మొదలు. తన చేతి రుణం తీర్చుకోవడానికి దేవుడిచ్చిన అవకాశం అనుకున్నాడు. గదిలో వదిన ఉందని కూడా చూడకుండా అన్న భుజం పట్టుకుని, "నేను నేర్పుతా అన్నా. నువ్వు నాకెలా నేర్పావో అచ్చం అలాగే నేర్పుతా" అన్నాడు.

అచ్చం అలాగే నేర్పాడు. కొంప మునిగింది అక్కడే.

వాడికి తెలిసిన పాఠం అదొక్కటే. మధ్యాహ్నం వచ్చేపోయేవాళ్లు పల్చబడ్డాక తలుపు దగ్గరగా వేసి, అన్నని అద్దం ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, బెలూను ఊది, నురగ పూసి, ఎడమచేత్తో కత్తి పట్టుకుని మొదలుపెట్టేవాడు. అన్న తన వైపు చూడబోతే గడ్డం పట్టుకుని మెత్తగా మొహం అద్దం వైపు తిప్పేవాడు.

"నన్ను చూడకన్నా. అద్దంలో ఉన్నవాణ్ణి చూడు."

కుడన్న చూశాడు. ఒక్కసారి చూసి ఊపిరి బిగబట్టాడు. ఆ పైన ఇక కళ్లు తిప్పలేదు. ఆ కళ్లలో ఏనాడో ఆరిపోయిన వెలుగు మళ్లీ కనపడేసరికి, విద్య వంటబడుతోందని తమ్ముడు పొంగిపోయాడు.

బెలూన్లు మాత్రం పగిలిపోతూనే ఉన్నాయి. కుడన్న ఎడమచేత్తో కత్తి ఆనించడం, టప్పుమనడం, మొహమంతా నురగ చిందడం. బెలూన్లు అమ్మేది పక్కనున్న బొమ్మల షాపు. ఆ షాపావిడ, "ఏంటయ్యా, మీ ఇంట్లో రోజూ పుట్టినరోజేనా?" అని ఎకసెక్కాలాడేది. అసలు సంగతి తెలిశాక ఆ మాట అన్నందుకు సిగ్గుపడి, బెలూన్లు ఊరికే ఇవ్వడం మొదలుపెట్టింది. ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి. ఆ చెయ్యి మాత్రం మొదటిరోజు ఎక్కడుందో అక్కడే ఉంది. కత్తిని ఏటవాలుగా పెట్టాల్సిన చోట నిలువుగా పెడుతుంది, బయటికి తిప్పాల్సిన చోట లోపలికి తిప్పుతుంది. ముసలి చెయ్యి కదా, మొండికేస్తోందిలే అని తమ్ముడు సరిపెట్టుకున్నాడు.

కానీ అన్న మొహం చూడలేకపోయేవాడు. బెలూను పగిలిన ప్రతిసారీ ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఉలిక్కిపడి, తర్వాత తమ్ముడి వైపు తప్పు చేసినవాడిలా చూసేవాడు. ఆ చూపు భరించలేక ఒకరోజు ఎడమన్న బెలూను సగమే ఊదాడు. మెత్తగా ఉన్న బెలూను అంత తొందరగా పగలదు, కత్తి కింద అణిగి ఊరుకుంటుంది. నురగ వచ్చేసింది. టప్పుమనలేదు.

"అయిపోయిందా?" అన్నాడు కుడన్న నమ్మలేక.

"అయిపోయిందన్నా! పగల్లేదు చూడు!"

ఆ సాయంత్రం కుడన్న రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. వదినకి సంతోషం పట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం తను కూడా కిందికి వచ్చి చూసింది.  కుడన్న పైకి వెళ్లాక ఆ బెలూను చేతిలోకి తీసుకుని నొక్కింది.

"ఇందులో గాలి లేదు కదయ్యా."

ఎడమన్న కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

"ఆయనకి నిజం చెప్పు. నువ్వు చెబితేనే వింటాడు."

"ఇంకొన్నాళ్లు చూద్దాం వదినా."

"కొన్నాళ్లకి ఏమవుతుంది? గాలి వస్తుందా?"

ఆమె ఆ మాట కోపంగా అనలేదు, అలిసిపోయి అంది.  అన్నకి నిజం చెబితే మళ్లీ మంచం ఎక్కుతాడని వాడి భయం. చెప్పకపోతే ఏమవుతుందో ఆలోచించడానికి ధైర్యం చాల్లేదు. ఇంకో నాలుగు రోజులు అలాగే సగం సగం బెలూన్లు ఊదాడు.

అబద్ధం ఊరికే కూర్చోదు కదా. కుడన్నకి నమ్మకం కుదిరింది. బెలూన్లు చాలు, మనిషి కావాలన్నాడు. ఆ మాట ఎలా పాకిందో, మర్నాటికల్లా లెక్కల మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నారు. "ఆరోజు నీ చేత్తో సగమే అయింది. మిగతా సగం కూడా నువ్వే చెయ్యాలి కుడన్నా. ఎడమచేత్తో చెయ్యి, కాలితో చెయ్యి, నాకు పట్టింపు లేదు" అన్నారు. మనసున్న మనిషి. ఆ ముడతలు పడ్డ మెడ చూసేసరికి ఎడమన్న కుర్చీకి అడ్డం వచ్చాడు.

"ముందు నాకు చెయ్యాలి మాస్టారూ. తర్వాతే మీకు. ఇంట్లోవాడి హక్కు" అన్నాడు నవ్వు తెచ్చిపెట్టుకుని.

ఎడమచేత్తో గీయాలంటే కుర్చీకి ఎడమపక్కన చోటుండాలి. కుడన్న కుర్చీకి ఎడమపక్కన ఖాళీ లేదు, తమ్ముడి కుర్చీ ఉంది. ఎడమన్న మంగళవారం సెలవు పూట స్పానర్ తెచ్చి, ఏళ్లనాటి బోల్టులు చెమటోడ్చి విప్పి, అన్న కుర్చీని కుడిగోడకి ఆనించి బిగించాడు. నేలమీద పాతచోట నాలుగు చిల్లులు మిగిలాయి. గోడవారన అన్న ఇన్నేళ్లూ నిలబడి నిలబడి అరిగిన చోటు కుర్చీ కిందికి పోయింది. కుడన్న గుమ్మంలో నిలబడి ఇదంతా చూశాడు.

"నా చోటు మూసేశావేంట్రా" అన్నాడు.

"ఇది నీ కొత్త చోటన్నా" అని నడిమధ్యన చూపించాడు తమ్ముడు. కుడన్న వచ్చి అక్కడ నిలబడ్డాడుగానీ, పరాయి ఇంట్లో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

మర్నాడు మధ్యాహ్నం తలుపు వేసి ఎడమన్న అన్న కుర్చీలో కూర్చున్నాడు. కుడన్న తెల్లగుడ్డ ఒక అంచు పళ్లతో పట్టుకుని, రెండో అంచు చేత్తో తిప్పి మెడకి కట్టాడు. నురగ బాగానే పూశాడు, బ్రష్షుదేముంది. కత్తిని తోలుపట్టీ మీద రెండుసార్లు ఆడించాడు. ఆ చప్పుడు వినేసరికి తమ్ముడికి కళ్లు చెమర్చాయి. కళ్లు మూసుకున్నాడు.

కత్తి చెవి దగ్గర ఆనింది. ఒక గీత చర్మం మీదుగా కిందికి వచ్చింది. తెగలేదు. ఇంకో గీత. అదీ తెగలేదు. వచ్చేసింది, నిజంగానే వచ్చేసింది అనుకున్నాడు ఎడమన్న. నేను సగమే ఊదిన బెలూన్లతో కూడా ఈ మనిషి నేర్చేసుకున్నాడు! సంతోషం ఆపుకోలేక కళ్లు తెరిచి అద్దంలోకి చూశాడు.

అద్దంలో అన్న ఉన్నాడు. కానీ వాడు చిన్నప్పటినుంచీ చూసిన ఎడమచేతి అన్న కాదు. పనిచేసే పాతరోజుల్లో ఎదురుగా నిలబడి చూస్తే ఎలా ఉండేవాడో అలాంటి అన్న. కుడిచేత్తో కత్తి పట్టుకుని, కుడిచేత్తో గీస్తున్నాడు. ఆ చెయ్యి ఎక్కడా వణకడం లేదు. అన్న చూపు కూడా అక్కడే ఉంది. తమ్ముడి చెంప వైపు ఒక్కసారి కూడా దించలేదు. అద్దంలోకే చూస్తున్నాడు, ఒక పక్కకి లాగిన నోటితో నవ్వుతున్నాడు.

"చూశావట్రా?" అన్నాడు గుసగుసగా. "డాక్టరమ్మ రాదంది. వచ్చేసింది చూడు. కుడిచెయ్యి వచ్చేసింది."

ఎడమన్నకి అప్పుడు తెలిసింది. ఎడమచేతి పని ఎడమచేతివాడి దగ్గర నేర్చుకోవడానికి అద్దమెందుకు? ఎదురుగా తనుండగా, తనని చూడకు అద్దంలో చూడు అని, ఇన్నాళ్లూ గడ్డం పట్టుకుని మరీ తిప్పాడు. తను ఎడమచేత్తో గీస్తుంటే అద్దంలో ఒకడు కుడిచేత్తో గీశాడు. అన్న వాణ్ణే చూశాడు. అన్న ఎడమచెయ్యి ఏమీ నేర్చుకోలేదు, నేర్చుకోవాలని చూడనూ లేదు. పోయిన చెయ్యి తిరిగొస్తోందని రోజూ మధ్యాహ్నం అద్దంలో చూసుకుని మురిసిపోయాడు. చూపించింది తనే.

కత్తి దవడ ఎముక దగ్గరికి వచ్చింది. కదలడానికి లేదు.

"అన్నా, నన్ను చూడు" అన్నాడు పెదాలు కదపకుండా.

"చూస్తూనే ఉన్నాను కదరా" అన్నాడు కుడన్న అద్దంతో, దవడ మలుపులో కుడిచెయ్యి తిరిగినట్టే ఎడమ మణికట్టుని చటుక్కున తిప్పాడు.

ఎడమన్న అరవలేదు. అరిస్తే అన్న ఉలిక్కిపడతాడని వాడికి బెలూన్ల దగ్గర తెలుసు. నురగ ఎర్రబడింది, తెల్లగుడ్డ మీదికి కారింది. కుడన్న ఆ ఎరుపుని ముందు అద్దంలోనే చూశాడు. అర్థం కానట్టు మొహం పెట్టి, మెల్లిగా తల దించి అసలు చెంప చూశాడు. కత్తి ఉన్న చేతిని చూశాడు. కుర్చీ పక్కన వేలాడుతున్న రెండో చేతిని చూశాడు.

"ఎవర్రా కోసింది?" అన్నాడు.

తమ్ముడు లేచి అన్న చేతిలో కత్తి మెల్లిగా తీసుకుని, పటికముక్క తనే చెంపకి అదుముకుని, రెండో చేత్తో అన్నని కుర్చీలో కూర్చోబెట్టాడు. వదిన చప్పుడు విని కాదు, చప్పుడు ఆగిపోయిందని కిందికి వచ్చింది. వచ్చి, ఆ గుడ్డ చూసి, ఇద్దరిలో ఎవరి దగ్గరికి ముందు పోవాలో తెలీక గుమ్మంలోనే నిలబడిపోయింది.

దవడ మీద కుట్లు పడ్డాయి. డాక్టరమ్మ ఏం జరిగిందని అడిగితే ఎడమన్న, చెయ్యి జారిందని చెప్పాడు. ఎవరి చెయ్యో ఆమె అడగలేదు.

కుడన్న మళ్లీ కత్తి అడగలేదు. మంచమెక్కుతాడని భయపడ్డారుగానీ ఎక్కలేదు కూడా. రోజూ పొద్దున్నే కాలు ఈడ్చుకుంటూ మెట్లు దిగి, షాపు తెరవగానే వచ్చి, గోడకి ఆనించిన తన కుర్చీలో తనే కూర్చుంటాడు. సాయంత్రం దాకా లేవడు. ఎవరూ లేవమనరు. ఒక్క కుర్చీ మీద ఎంతమందికని చేస్తాడు ఎడమన్న? కాసేపు బెంచీ మీద కూర్చున్నవాళ్లు గడియారం చూసుకుని, వీధి చివర కొత్తగా తెరిచిన సెలూన్‌కి పోతున్నారు. తప్పు పట్టడానికి లేదు. లెక్కల మాస్టారొక్కరు మానలేదు. ఆయన ఎడమన్న కుర్చీలో కూర్చుని, పక్కనున్న కుడన్నతో కబుర్లాడతారు. కుడన్న అన్నిటికీ ఊ కొడతాడు. కళ్లు మాత్రం అద్దంలో ఉంటాయి. ఎడమన్న చెయ్యి ఎటు కదిలితే ఆ కళ్లు అటు కదులుతాయి.

ఎడమన్న ఇప్పుడు పని మధ్యలో తలెత్తడు. అక్కడ ఎడమచేత్తో కత్తెర పట్టిన ఆ గురువు లేడు. తలెత్తితే కనపడేది, తన చేతినే చూస్తూ కూర్చున్న ఒక మనిషి. అలా చూడొద్దని ఒకసారి చెప్పబోయాడు. అద్దానికి గుడ్డ కప్పేద్దామని కూడా అనుకున్నాడు. చెప్పలేకపోయాడు, కప్పలేకపోయాడు. ఆ మనిషికి మిగిలింది అదొక్కటే మరి, దాన్ని కూడా లాక్కునే కసాయితనం వాడికి లేదు. వదిన మాత్రం కిందికి రావడం మానేసింది. "ఆయన ఇప్పుడు దిగులుగా లేడు. అదే నాకు భయమేస్తోంది" అంది ఒకసారి, అంతే.

వచ్చేవాళ్లు రాకముందు ఎడమన్న చేసే మొదటి గడ్డం అన్నదే. గుడ్డ కట్టి, నురగ పూసి, ఎడమపక్కన నిలబడి మొదలుపెడతాడు. కుడన్న కదలకుండా కూర్చుంటాడు. తన చెంప మీద కత్తి నడుస్తుంటే అద్దంలోకి చూస్తాడు. అక్కడ ఆ కుడిచెయ్యి తొందర లేకుండా, తడబాటు లేకుండా చెవి దగ్గర్నుంచి దవడ దాకా దిగుతుంది, దవడ మలుపులో చక్కగా తిరుగుతుంది.

"నా చెయ్యి బాగా నడుస్తోందిరా ఇవాళ" అన్నాడు ఒకరోజు కుడన్న.

కత్తి ఒక్క క్షణం ఆగింది. ఎడమన్న దవడ మీద గాయం ఇంకా పూర్తిగా ఆరలేదు, మాట్లాడితే లాగుతుంది.

"నడుస్తోందన్నా" అన్నాడు. రెండో చెంప మీద నురగ పూయడం మొదలుపెట్టాడు.